ఇంటి వద్ద ఆకు మసాలా, సుగంధ ద్రవ్య మొక్కల పెంపకం: ఎకరా లెక్క నుండి కుండీ లెక్కకు

సారాంశం

కొత్తిమీర, మెంతి, పుదీన, కరివేపాకు, అల్లం, పసుపు మొక్కలను పెరటిలోను, మిద్దెపైన పెంచుకొనే ఆసక్తి పట్టణాలలో పెరుగుతున్నది. అయితే ఇంటి తోటల పెంపకందారులకు మనం ఇచ్చే సలహాలలో అధిక భాగం పొలానికి ఉద్దేశించిన సిఫారసులే. ఎకరాకు చెప్పిన మోతాదును కుండీకి తగ్గించి చెప్పకపోవడం వలన ఎరువు ఎక్కువై మొక్కలు మాడిపోవడం, అకాలంలో విత్తిన కొత్తిమీర పూతకు రావడం, పచ్చిగా తినే ఆకుపై పురుగుమందు అవశేషాలు మిగలడం జరుగుతున్నవి. ఇంటి వద్ద ఏ మొక్కలు లాభదాయకమో, ఏవి కావో, మోతాదులను ఎట్లు లెక్కించవలెనో, సస్యరక్షణలో ఏ హద్దులు పాటించవలెనో ఈ వ్యాసం వివరిస్తుంది.

ముఖ్య పదాలు: మిద్దెతోట, కొత్తిమీర, కరివేపాకు, అల్లం, పసుపు, మోతాదు, అవశేషాలు

ఉపోద్ఘాతం

తెలుగువారి వంటలో కరివేపాకు, కొత్తిమీర లేని పూట అరుదు. పప్పు, చారు, పచ్చడి, మజ్జిగ వీటితోనే రుచిని సంతరించుకొంటాయి. వీటిని మనం రోజూ కొనేది కొద్ది పరిమాణంలోనే అయినా, ఆ కొద్ది పరిమాణాన్ని తరచు పచ్చిగాను, లేక పోపులో క్షణకాలం మాత్రమే వేయించి తింటాం. తొక్క తీసి తినే కూరగాయలతో పోల్చితే, ఆకును ఆకుగానే తినే ఈ పంటలపై మిగిలిన పురుగుమందు నేరుగా ఆహారంలోనికి చేరుతుంది. భారతదేశం నుండి వచ్చే కరివేపాకును పురుగుమందుల అవశేషాల విషయంలో అదనపు తనిఖీలు జరపవలసిన సరుకుల జాబితాలో ఐరోపా సమాఖ్య చేర్చడం ఈ సమస్య ఎంత తీవ్రమైనదో తెలుపుతున్నది.

కావున ఇంటి వద్ద ఆకు మసాలా పెంపకానికి అసలు ప్రయోజనం డబ్బు ఆదా కాదు. తాజా ఆకు, అవశేషాలు లేని ఆకు లభించడమే దాని ప్రయోజనం. ఇంటిలో పెంచుతూ కూడా విచక్షణ లేకుండా మందు చల్లినచో ఆ ప్రయోజనం పూర్తిగా పోతుంది. విస్తరణ కార్యకర్త ఇచ్చే ప్రతి సలహాను ఈ కొలబద్దతోనే చూడవలెను.

ఏవి పెంచవలెను, ఏవి పెంచనక్కరలేదు

సుగంధ ద్రవ్యాలన్నీ ఇంటి తోటకు అనుకూలం కావు. మొక్కలో వాడే భాగం ఏది, అది ఎన్ని రోజులకు చేతికి వస్తుంది, ఏ వాతావరణం కోరుతుంది అనే మూడు ప్రశ్నలతో వీటిని విభజించుకోవచ్చు.

మొదటి వర్గం ఆకు పంటలు. కొత్తిమీర, మెంతి, పుదీన, కరివేపాకు, వాము ఆకు, నిమ్మగడ్డి ఇందులోనివి. ఇవి తక్కువ స్థలంలో, తక్కువ కాలంలో ఫలితమిస్తాయి. కోసిన గంటలోనే వాసన తగ్గే స్వభావం గలవి కనుక ఇంటి వద్ద ఉండడమే మేలు.

రెండవ వర్గం దుంప పంటలు. అల్లం, పసుపు నేలను 8 నుండి 9 నెలల పాటు ఆక్రమిస్తాయి. పెరడు ఉన్నవారికి ఇవి తగినవి. కుండీలలో సాధ్యమే గాని దిగుబడి పరిమితం.

మూడవ వర్గం గింజ, కాయ, మొగ్గ రూపంలో వాడే ద్రవ్యాలు. జీలకర్రకు గుజరాత్, రాజస్థాన్‌లలో ఉండే చల్లని, పొడి శీతాకాలం కావలెను. యాలకులు కొండ ప్రాంతపు నీడను, తేమను కోరతాయి. మిరియాల తీగ మన రాష్ట్రంలో పాడేరు, అరకు ప్రాంతాల కాఫీ తోటలలో సిల్వర్ ఓక్ చెట్లపై ప్రాకి కాస్తున్నది. మైదాన ప్రాంతపు మే నెల ఎండలో, వడగాలిలో మిద్దెపై దానిని నిలబెట్టడం కష్టం. కాయలు కాచే ప్రక్క కొమ్మలను వేరు తొడిగించి తయారుచేసే పొద మిరియాన్ని మాత్రం నీడ, గాలిలో తేమ ఉన్న కోస్తా ఇండ్లలో ప్రయత్నించవచ్చు. సాధ్యం కానిదాన్ని సాధ్యం కాదని ముందే చెప్పడం కూడా విస్తరణ సేవలో భాగమే.

ఒక పొరపాటును ఇక్కడ సరిదిద్దవలసి ఉన్నది. వాము ఆకు అని మనం పిలిచే దళసరి ఆకుల మొక్క, వాము గింజలనిచ్చే మొక్క ఒకటి కావు. మొదటిది తులసి కుటుంబానికి, రెండవది కొత్తిమీర, జీలకర్రల కుటుంబానికి చెందినవి. వాసన కలవడం వలన పేరు కలిసింది. వాము ఆకు మొక్కను పెంచి గింజల కొరకు ఎదురుచూసేవారికి ఈ భేదం వివరించవలెను.

ఎకరా లెక్కను కుండీకి తగ్గించుట

విద్యార్థులు మొదట నేర్వవలసిన లెక్క ఇది. ఒక ఎకరా సుమారు 4,000 చదరపు మీటర్లు. అందువలన ఎకరాకు కిలోలలో చెప్పిన మోతాదును 4 చేత భాగించినచో చదరపు మీటరుకు గ్రాములలో మోతాదు వస్తుంది. 30 సెంటీమీటర్ల వ్యాసం గల కుండీ ఉపరితల వైశాల్యం సుమారు 0.07 చదరపు మీటరు. పై ఫలితాన్ని 0.07 చేత గుణించినచో ఒక కుండీకి మోతాదు తెలుస్తుంది.

ఒక ఉదాహరణ చూద్దాం. ఒక పంటకు ఎకరాకు 16 కిలోల నత్రజని సిఫారసు అనుకొందాం. అది చదరపు మీటరుకు 4 గ్రాముల నత్రజని. యూరియాలో నత్రజని 46 శాతం కనుక చదరపు మీటరుకు సుమారు 8.7 గ్రాముల యూరియా. ఒక కుండీకి సుమారు 0.6 గ్రాము మాత్రమే. ఒక టీ చెంచాలో 4 నుండి 5 గ్రాముల యూరియా పడుతుంది. అంటే "కుండీకి ఒక చెంచా యూరియా" అనే మాట ఏడెనిమిది రెట్ల మోతాదు. ఆకు అంచులు మాడి, మొక్క రెండు రోజులలో వాలిపోతే పెంపకందారు దానిని తెగులుగా భావిస్తాడు. వెంటనే మందు చల్లుతాడు. ఒక తప్పు మరొక తప్పుకు దారి తీస్తుంది.

పశువుల ఎరువు విషయంలోను ఇదే లెక్క. ఎకరాకు 10 టన్నులు అంటే చదరపు మీటరుకు 2.5 కిలోలు, కుండీకి సుమారు 175 గ్రాములు. అయితే కుండీలో నీరు అడుగు రంధ్రాల ద్వారా కారిపోయేటప్పుడు పోషకాలను వెంట తీసుకొనిపోతుంది. వేరు విస్తరించే చోటు కూడా తక్కువ. కనుక మొత్తం ఎరువును ఒకేసారి వేయక, మూడు వారాలకు ఒకసారి గుప్పెడు చివికిన పశువుల ఎరువు గాని వర్మికంపోస్టు గాని పైమట్టిలో కలపడం మంచిది. ఆకు పంటలకు ఇది చాలును. రసాయనిక ఎరువు అవసరం సాధారణంగా రాదు.

పిచికారీ ద్రావణం సంగతి ఇంకా ముఖ్యమైనది. ఎకరాకు 200 లీటర్ల ద్రావణం వాడితే చదరపు మీటరుకు 50 మిల్లీలీటర్లు, ఒక కుండీకి 3.5 మిల్లీలీటర్లు మాత్రమే పడుతుంది. ఇంటి తోటలో మొక్క మొత్తం తడిసి కారిపోయే వరకు చల్లడం పరిపాటి. మందు గాఢత సరిగా ఉన్నా, మొక్కపై పడిన పరిమాణం అనేక రెట్లు ఎక్కువ కావచ్చును.

కుండీ, మట్టి మిశ్రమం, మిద్దెపై బరువు

రెండు పాళ్లు ఎర్రమట్టి, ఒక పాలు చివికిన పశువుల ఎరువు లేదా వర్మికంపోస్టు, ఒక పాలు నానబెట్టి కడిగిన కొబ్బరిపొట్టు కలిపిన మిశ్రమం చాలా మొక్కలకు అనుకూలం. నల్లరేగడి మట్టిని మాత్రమే నింపరాదు. అది తడిసినప్పుడు నీటిని బిగబట్టి వేరుకు గాలి అందనీయదు, ఎండినప్పుడు బీటలు వారుతుంది. అడుగున రంధ్రాలు లేని పాత్రను ఎంత అందంగా ఉన్నా తిరస్కరించవలెను.

30 సెంటీమీటర్ల వ్యాసం, అంతే లోతు గల కుండీలో సుమారు 21 లీటర్ల మట్టి పడుతుంది. మట్టి మాత్రమే నింపి పూర్తిగా తడిపినచో బరువు 30 కిలోలకు మించుతుంది. ఇటువంటి ఇరవై కుండీలు ఒకేచోట పేర్చినచో 600 కిలోల భారం పడుతుంది. బరువైన కుండీలను స్లాబు మధ్యలో గాక దూలాలు, గోడలు ఉన్న అంచుల వెంట అమర్చవలెను. కొత్తిమీర, మెంతి వేళ్లకు 15 సెంటీమీటర్ల లోతు చాలును కనుక వాటికి లోతు తక్కువ తొట్లు వాడినచో బరువు సగానికి తగ్గుతుంది.

కొత్తిమీర, మెంతి

కొత్తిమీర చల్లని వాతావరణపు పంట. పగటి వేడి పెరిగి, పగటి కాలం సాగినప్పుడు ఆకు పెరుగుదల ఆగి పూతకాడ వేస్తుంది. మార్చి తరువాత విత్తి, ఆకు రాలేదని విత్తనాన్ని నిందించడం సాధారణంగా కనిపించే విషయం. అక్టోబరు నుండి జనవరి వరకు విత్తినది సులభంగా వస్తుంది. వేసవిలో 50 శాతం నీడనిచ్చే వల క్రింద, ఉదయపు ఎండ మాత్రమే తగిలేచోట విత్తి, ఆకు లేతగా ఉండగానే కోసుకోవలెను.

ధనియం ఒక గింజ కాదు, రెండు బద్దలు కలిసిన కాయ. దానిని చెక్కతో మెల్లగా రుద్ది రెండుగా విడదీసి, 8 నుండి 12 గంటలు నానబెట్టి విత్తినచో మొలక సమంగా వస్తుంది. ఒకటి, ఒకటిన్నర సెంటీమీటర్ల లోతు చాలును. మొలకకు 8 నుండి 15 రోజులు పడుతుంది. నాలుగవ రోజుననే మట్టిని త్రవ్వి చూడరాదు. కిరాణా దుకాణపు ధనియాలు పాతవై ఉండవచ్చును. 50 బద్దలను తడిగుడ్డలో చుట్టి మొలక శాతాన్ని ముందే పరీక్షించుకోవలెను. గుంటూరు సమీపంలోని లాం పరిశోధనా స్థానం నుండి సింధు, సాధన, స్వాతి వంటి రకాలు విడుదలైనవి. ఇవి ప్రధానంగా ధనియాల దిగుబడికి ఉద్దేశించినవి. ఆకు కొరకైతే ఆలస్యంగా పూతకు వచ్చే రకాన్ని ఎంచుకోవలెను. విత్తనశుద్ధి చేసిన విత్తనాన్ని వంటకు వాడరాదని తప్పక చెప్పవలెను.

దిగుబడిని కూడా ముందే లెక్కించి చెప్పవలెను. చదరపు మీటరుకు ఒక కిలో ఆకు వస్తుందనుకొంటే, 60 సెంటీమీటర్ల పొడవు, 30 సెంటీమీటర్ల వెడల్పు గల తొట్టి నుండి సుమారు 180 గ్రాములు లభిస్తుంది. విత్తిన నాటి నుండి కోతకు దాదాపు 40 రోజులు. కనుక ప్రతి వారం ఒక కోత కావలసిన కుటుంబం వారానికొక తొట్టి చొప్పున ఆరు తొట్లలో వరుసగా విత్తుకోవలెను. ఆరు తొట్లను ఒకేరోజు విత్తినచో ఒక వారం ఆకు మిగిలిపోయి, ఐదు వారాలు దుకాణానికి వెళ్లవలసి వస్తుంది. ఇంటి తోటలో విడతల విత్తనమే అసలు మెళకువ.

మెంతి మరింత సులభం. 20 నుండి 25 రోజులలో కోతకు వస్తుంది. నీరు నిలిచినచో వేరుకుళ్లు, మొక్కలు ఒత్తుగా ఉండి గాలి ఆడనిచో బూడిద తెగులు ఆశిస్తాయి. ఉదయం పూట మట్టికి మాత్రమే నీరు పెట్టవలెను.

పుదీన, వాము ఆకు, నిమ్మగడ్డి

పుదీనను విత్తనంతో గాక కాడలతో పెంచవలెను. అంగడిలో కొన్న కట్ట నుండి 10 నుండి 15 సెంటీమీటర్ల ముదురు కాడలను ఎంచి, క్రింది ఆకులు తుంచి, తడి మట్టిలో నాటినచో వారం, పది రోజులలో వేరు తొడుగుతుంది. ఇది నేలబారు కాడలతో ప్రాకి ప్రక్క మొక్కలను అణచివేస్తుంది కనుక విడి కుండీ కేటాయించవలెను. ఏడాదికొకసారి పాత వేళ్లను తీసి క్రొత్త కాడలు నాటవలెను. ఆకు అడుగున నారింజ రంగు పొడివంటి మచ్చలు తుప్పు తెగులు లక్షణం. అట్టి కాడలను నేలమట్టానికి కోసి తొలగించినచో క్రొత్త చిగురు ఆరోగ్యంగా వస్తుంది.

వాము ఆకుకు ఎండ, మితమైన నీరు చాలును. దీనికి చేసే పెద్ద హాని అధికంగా నీరు పోయడమే. నిమ్మగడ్డిని పిలకలతో నాటి, రెండు మూడు నెలలకొకసారి కోసుకోవచ్చు.

కరివేపాకు

కరివేపాకు గింజ త్వరగా మొలకశక్తిని కోల్పోతుంది. నల్లగా పండిన కాయల గుజ్జును తొలగించి, ఆరబెట్టి దాచకుండా కొద్ది రోజులలోనే విత్తుకోవలెను. వేరు పిలకల ద్వారా కూడా మొక్క వస్తుంది. కుండీలో పెంచదలచినచో 45 సెంటీమీటర్ల వ్యాసం గలది ఎంచుకోవలెను. మొక్క మోకాలి ఎత్తు దాటగానే కొన త్రుంచినచో ప్రక్క కొమ్మలు వస్తాయి. విడి ఆకులను గిల్లక, కొమ్మ కొనలను రెబ్బలతో సహా కోయవలెను. ఆకు కొరకు పెంచే మొక్కకు పూగుత్తులను తీసివేయవలెను. డిసెంబరు, జనవరి నెలలలో పెరుగుదల మందగించడం సహజం. ఆ సమయంలో ఎరువు పెంచితే ప్రయోజనం లేదు.

లేత ఆకులు పసుపుబారి ఈనెలు మాత్రం పచ్చగా ఉండడం ఇనుము లోప లక్షణం. సున్నం గల నేలలలోను, సిమెంటు శిథిలాలు కలిసిన పెరటి మట్టిలోను ఇది ఎక్కువ. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది, అర గ్రాము నిమ్మ ఉప్పు కలిపి వారం, పది రోజుల వ్యవధిలో రెండుసార్లు పిచికారీ చేయవచ్చును. పుల్లమజ్జిగ పోయడం మన ఇండ్లలో ఆచారం. దాని పులుపు వలన ఇనుము అందుబాటు కొంత మెరుగుపడవచ్చును గాని అది ఎరువుకు ప్రత్యామ్నాయం కాదు.

కరివేపాకు నిమ్మ కుటుంబానికి చెందినది. అందువలన నిమ్మ, బత్తాయిలను ఆశించే సిల్లా పురుగు దీని చిగుళ్లపై కూడా వృద్ధి చెందుతుంది. ఈ పురుగు నిమ్మజాతి తోటలకు ప్రమాదకరమైన గ్రీనింగ్ తెగులును వ్యాప్తి చేస్తుంది. అమెరికాలోని ఫ్లోరిడాలో ఈ పురుగును 1998లోను, తెగులును 2005లోను గుర్తించారు. ఆ తరువాత అక్కడి నారింజ తోటలు తీవ్రంగా దెబ్బతిన్నవి. కరివేపాకు మొక్కల రవాణాపై అక్కడ ఆంక్షలు ఉన్నవి. ఇక్కడి నుండి తాజా కరివేపాకును, మొక్కను ఆ దేశానికి తీసుకొని వెళ్లరాదు. పిల్లల వద్దకు ప్రయాణమయ్యే తల్లిదండ్రులకు ఈ నియమం వెనుక కారణం చెప్పినచో అది వేధింపుగా తోచదు. గూడూరు, అనంతపురం, నల్గొండ వంటి నిమ్మ, బత్తాయి ప్రాంతాలలో ఈ జాగ్రత్త మనకు కూడా వర్తిస్తుంది. సిల్లా పిల్లపురుగులు ఉన్న చిగుళ్లను కత్తిరించి నాశనం చేయవలెను. పురుగు ఆశించిన మొక్కను ఊరి నుండి ఊరికి తరలించరాదు.

అల్లం, పసుపు

అల్లాన్ని ఏప్రిల్, మే నెలలలో, పసుపును జూన్‌లో నాటవలెను. రెండు మూడు కళ్లు గల 25 నుండి 30 గ్రాముల అల్లం ముక్కను 5 సెంటీమీటర్ల లోతున నాటి, ఎండుటాకులు కప్పవలెను. పాక్షిక నీడ అనుకూలం. పచ్చి అల్లం ఆరవ నెల నుండి తీసుకోవచ్చును. ఆకులు పసుపుబారి ఎండినప్పుడు పూర్తి పక్వత.

దుంపకుళ్లు ఈ పంటలకు ప్రధాన శత్రువు. ఆకులు క్రింది నుండి పసుపుబారి, కాడ లాగగానే ఊడివచ్చి దుర్వాసన వేస్తుంది. దీనికి మూలం కుళ్లు సోకిన విత్తన దుంప, నిలిచిన నీరు. గట్టి, మచ్చలేని దుంపను ఎంచుకోవడం, మట్టిలో ట్రైకోడెర్మా కలిపిన పశువుల ఎరువు వాడడం, నీరు పోయేలా చూడడం ముఖ్యం. రోగం సోకిన కుండీ మట్టిలో మరుసటి ఏడాది అల్లం, పసుపు వేయరాదు.

పసుపు విషయంలో ఆశను లెక్కతో సరిచేయవలెను. ఎకరాకు 10 టన్నుల పచ్చి పసుపు అనుకొంటే చదరపు మీటరుకు 2.5 కిలోలు, ఒక కుండీకి 175 గ్రాములు. ఉడికించి ఆరబెట్టిన తరువాత సుమారు ఐదవ వంతు, అంటే 35 గ్రాములు మిగులుతుంది. ఏడాదికి ఒక కిలో పసుపు పొడి కావలసిన కుటుంబానికి దాదాపు 30 కుండీలు, లేదా పెరటిలో 2 చదరపు మీటర్ల మడి అవసరం. మడి ఉన్నవారికి పసుపు, మిద్దె మాత్రమే ఉన్నవారికి ఆకు పంటలు అనే నిర్ణయం ఈ లెక్కతోనే తేలుతుంది.

సస్యరక్షణలో హద్దులు

మందు చల్లిన తరువాత కోతకు ముందు పాటించవలసిన వ్యవధి ప్రతి రసాయనానికి ఉంటుంది. పొలంలో కోత తేదీ ముందే నిర్ణయమవుతుంది కనుక ఆ వ్యవధి పాటించడం సాధ్యం. ఇంటిలో పూటకొక రెబ్బ కోస్తారు. చల్లినవారు ఒకరు, కోసేవారు మరొకరు. ఈ కారణం వలన ఇంటిలోని ఆకు మసాలా మొక్కలపై రసాయనిక పురుగుమందులను సిఫారసు చేయకపోవడమే క్షేమం. పైగా పురుగుమందుల చట్టం, 1968 ప్రకారం నమోదైన ప్రతి మందుకు ఏ పంటపై వాడవలెనో లేబుల్‌పై ఉంటుంది. ఆ పంట పేరు లేనప్పుడు మనం నోటిమాటగా కూడా సలహా ఇవ్వరాదు.

పేనుబంక, పిండినల్లి కనిపించినప్పుడు ముందు నీటి ధారతో కడగవలెను. తగ్గనిచో లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కొద్దిగా సబ్బునీరు కలిపి సాయంత్రం వేళ ఆకు అడుగు తడిసేలా చల్లవలెను. ఇట్లు చల్లిన ఆకును కూడా కొద్ది రోజులు కోయక, పిదప బాగా కడిగి వాడవలెను. కరివేపాకుపై పక్షి రెట్టవలె కనిపించేవి నిమ్మ సీతాకోకచిలుక పిల్లపురుగులు. వాటిని చేతితో ఏరివేయడమే చాలును. అక్షింతల పురుగులు, వాటి పిల్లపురుగులు పేనుబంకను తింటాయి. వాటిని గుర్తించడం ఇంటివారికి నేర్పినచో మందు సీసా అవసరం మరింత తగ్గుతుంది.

విస్తరణ శాస్త్రవేత్తలకు సూచనలు

1. విత్తన కిట్లను ఏడాది పొడవునా ఒకే రకంగా గాక ఋతువును అనుసరించి ఇవ్వవలెను. ఏప్రిల్‌లో కొత్తిమీర పొట్లానికి బదులు పుదీన కాడలు, అల్లం దుంప ఇవ్వడం మేలు.

2. మోతాదులను ఎకరాకు గాక కుండీకి, తొట్టికి గ్రాములలో చెప్పవలెను. "చెంచా", "గుప్పెడు" అన్నప్పుడు దాని బరువును తూచి చూపవలెను.

3. ఆశించదగిన దిగుబడిని ముందుగానే తెలపవలెను. మొదటి ఏడాది కరివేపాకు, పుదీన, మెంతితో మొదలుపెట్టించి, తరువాత కొత్తిమీర, దుంప పంటలకు తీసుకొనిపోవలెను.

4. మొక్క చనిపోయినదని వచ్చినవారిని మందు గురించి గాక, ముందు నీరు, ఎరువు, విత్తిన నెల గురించి అడగవలెను.

విద్యార్థులు తమ పాఠ్యాంశంలోని ఏదేని ఒక సుగంధ ద్రవ్య పంట సిఫారసును తీసుకొని, విత్తనం, ఎరువు, నీరు, దిగుబడి నాలుగింటిని ఒక కుండీకి లెక్కించి, ఒక ఋతువు పాటు పెంచి పోల్చి చూడవచ్చును. లెక్కకు, ఫలితానికి మధ్య వచ్చే తేడా వారికి మంచి పాఠమవుతుంది.

ముగింపు

ఇంటి తోట చిన్న పొలం కాదు. దాని మట్టి, నీరు, కోత పద్ధతి వేరు. దానిలోని ఆకు నేరుగా పిల్లల కంచంలోనికి పోతుంది. తగిన మొక్కను తగిన నెలలో నాటి, మోతాదును తూచి వేసి, మందుకు బదులు కత్తెరను, నీటి ధారను వాడిన ఇంట కొత్తిమీర కట్ట చిన్నదే కావచ్చును గాని దానిపై ఏమి చల్లారో ఆ ఇంటివారికి తెలిసి ఉంటుంది. ఆ నమ్మకాన్ని నిలబెట్టే సలహా ఇవ్వడం మన బాధ్యత.